అన్నయ్య ఇంటి పొగ

సోప్రాకోల్,
మే 3

ప్రేమ ఉన్నా ఎదురుపడి మాట్లాడదలుచుకోని అన్నయ్య సెవెరీనోకు,

నీ గుమ్మానికీ నా గుమ్మానికీ మధ్య నలభై అడుగులు. అయినా ఈ ఉత్తరం బస్సెక్కి కింద పట్నానికి వెళ్లి, ముద్ర వేయించుకుని, మళ్లీ కొండెక్కి రెండు రోజులకు నీ చేతికి వస్తుంది. పోస్టు తెచ్చే దెల్ఫీనా నవ్వుతుంది. నవ్వనీ. ఎదురుగా నిలబడితే నువ్వు అరుస్తావు, నేను అంతకంటే గట్టిగా అరుస్తాను, అసలు సంగతి మధ్యలో కొట్టుకుపోతుంది. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

నిన్న బారులో పేకాట దగ్గర పదిమంది ముందు ఏమన్నావో నీకు గుర్తుండే ఉంటుంది. "మా ఓర్సొలాకేం, గాడిద తోక పట్టుకుని తిరుగుతది. కాళ్లున్నోళ్లకేనా కొండ? రోడ్డేస్తే అందరూ ఎక్కుతారు." అందరూ నవ్వారు. సభ కార్యదర్శి బోర్తొలో మరీ పళ్లన్నీ బయటపెట్టి, "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి," అన్నాడు. నేను ఊరుకోలేదు. "ఆ దారి మా నాన్న వేసిందిరా, నువ్వు పాలు తాగేటప్పుడు," అన్నాను. నువ్వు మాత్రం పేకముక్కల వైపే చూస్తూ కూర్చున్నావు.

రోడ్డు ఎవరికోసమో నాకు చెప్పు. పై పచ్చిక బయలు దాకా నాలుగు మలుపుల తారు రోడ్డు, పైన బస్సులు నిలపడానికి మైదానం, పక్కన మరుగుదొడ్లు. జనం పది నిమిషాల్లో ఎక్కి, ఫోటో తీసుకుని, ఐస్‌క్రీమ్ తిని, ఇరవై నిమిషాల్లో దిగిపోతారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. నాతో వచ్చేవాళ్లు రెండు రోజులు నడుస్తారు. సామాను నా కంచరగాడిద గ్రిజా మోస్తుంది, వాళ్లు తమను తాము మోసుకుంటారు. రాత్రికి గడ్డికొట్టంలో పడక. మొక్కజొన్న సంకటి, పొగబెట్టిన జున్ను, ఆకలి ఉంటే రెండోసారి సంకటి. పోయిన వేసవిలో మిలాను నుంచి ఒక వకీలు వచ్చాడు. బయలుదేరకముందే, "పైకి ఎన్ని గంటలమ్మా?" అని అడిగాడు. "మీరు ఎన్నిసార్లు కూర్చుంటే అన్ని," అన్నాను. మొదటి రోజంతా ఫోను ఎత్తి పట్టుకుని సిగ్నల్ కోసం నన్ను తిట్టాడు. రెండో రోజు ఒక బండ మీద పడుకుని దిగనని మొండికేశాడు. వాడి భార్య నా చేయి పట్టుకుని, "ఈయన ఇలా ఊరికే పడుకోవడం పెళ్లయ్యాక ఇదే చూడ్డం," అంది. రోడ్డు వేస్తే ఆ బండ మీదుగానే వేస్తారు. పటంలో చూశాను.

ఈ నెల పదిహేడున పొయ్యిల సభలో నువ్వు రోడ్డు కోసం చేయెత్తుతావని ఊరంతా అంటోంది. నేను ఒప్పుకోను. నాకు ఓటు లేదని గుర్తు చేయకు, నాకు తెలుసు. ఓటు లేనివాళ్లకు నోరు ఉంటుంది.

నీ చెల్లెలు
ఓర్సొలా

సోప్రాకోల్,
మే 9

అన్నయ్యా,

జవాబు రాయలేదు. సరే. ఇప్పుడు రాయబోయేది చదివాక రాస్తావు.

ఊళ్లో ఇరవైమూడు పొయ్యిలు, పొయ్యికో కుర్చీ, కుర్చీకో ఓటు. రోడ్డు కావాలనేవి పన్నెండు, వద్దనేవి పదకొండు. పన్నెండోది నాన్న పొయ్యి, అంటే నీది. అన్నదమ్ముడు బతికుండగా ఆడపిల్ల పొయ్యి లెక్కలోకి రాదు కాబట్టి నా ఇంట్లో ఎంత మంట మండినా అది వంటకే. ఆ ఆచారం ఉన్నప్పుడు ఇంకో ఆచారం కూడా ఉంది కదా. పునీత అంద్రెయ పండుగ నుంచి పునీత జోజప్ప పండుగ దాకా, చలికాలమంతా ఇంటివాడు ఊళ్లో ఉండి పొయ్యి వెలిగించాలి. అలా వెలిగించని వాడికి సభలో కుర్చీ లేదు. అంటే మంచుకు భయపడి పారిపోయినవాడు కొండ గురించి తీర్పు చెప్పకూడదు.

నాలుగు చలికాలాలుగా నువ్వు పట్నంలో, లిఫ్టున్న ఇంట్లో ఉంటున్నావు. నీ ఇంటి పొగగొట్టం మాత్రం రోజూ పొగ వదులుతోంది. నిప్పు లేనిదే పొగ రాదు, ఆ నిప్పు పెట్టే చేయి నాది. మోకాలి లోతు మంచులో పారతో దారి చేసుకుని, నీ తలుపు తీసి, నీ కట్టెలు నేను కొట్టి వెలిగించాను. "నీళ్ల గొట్టాలు గడ్డకడతాయి, కాస్త మంట వెయ్యవే," అన్నావు. అది గొట్టాల కోసం కాదని నాకు మొదటి రోజే తెలుసు. అయినా వేశాను, అన్నవి కదా అని.

నాన్న పోయిన ఏడాది గుర్తుందా? చివరి రెండేళ్లు ఆయన్ని లేపిందీ, కడిగిందీ, ఆయన బదులు గాడిదల్ని తోలిందీ నేను. ఆయన కుర్చీ నీకిచ్చిన రోజు సభలో అందరికీ ద్రాక్షసారా పొయ్యమన్నారు నన్ను. పోశాను. ముందు నీ గ్లాసులోనే పోశాను. నువ్వు నా మొహం వంక చూడలేదు. ముప్పైనాలుగేళ్లు ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆ రోజు నా కడుపు రగిలిపోయింది అన్నయ్యా, ఇప్పటికీ చల్లారలేదు.

పదిహేడున సభలో లేచి నిలబడి ఆ పొగ ఎవరిదో చెబుతాను. నీ కుర్చీ పోతుంది, పరువు పోతుంది. నాకు తెలుసు. ముందే చెబుతున్నాను, వెనక నుంచి పొడిచానని అనకూడదు.

ఓర్సొలా

సోప్రాకోల్,
మే 13

చెల్లాయీ,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. చెప్పాలనుకున్నది చెప్పు. నేను కాదనను.

ఒకటి మాత్రం తెలుసుకో. నా మోకాళ్లు రెండూ అయిపోయాయి. డాక్టరు చెప్పి రెండేళ్లయింది. పోయిన సెప్టెంబరులో ఎవరికీ చెప్పకుండా పైకి బయలుదేరాను. రెండో నీటి తొట్టి దాకా వెళ్లగలిగాను. అక్కడ కూర్చుని ఏడ్చి, కర్ర పట్టుకుని దిగి వచ్చాను. పదహారేళ్లప్పుడు నాన్నా నేనూ పైన కాపరుల గుడిసెకు కప్పు వేశాం. అది ఉందో పోయిందో చూడాలని ఉంది. రోడ్డుంటే ఎవరి కారులోనో ముందు సీట్లో కూర్చుని పోతాను, నా కాళ్లు ఎవరికీ కనబడవు. నీ గ్రిజా మీద ఎక్కమనకు. జబ్బుమనిషినీ పాదిరీనీ తప్ప మన ఊళ్లో ఎవరినీ కంచరగాడిద ఎక్కించరు. ఊరు నవ్వుతుంది.

సారా పోసిన రోజు చూడలేదన్నావు. నిజమే. చూసే ధైర్యం లేకపోయింది.

సెవెరీనో

సోప్రాకోల్,
మే 21

నా సొంత అన్నయ్యకు,

సభ అయి నాలుగు రోజులైంది. నువ్వు తలుపు వేసుకుని కూర్చున్నావు కాబట్టి మళ్లీ దెల్ఫీనాకే పని చెబుతున్నాను.

నీ ఉత్తరాన్ని రెండు రోజులు ఏప్రాను జేబులో పెట్టుకుని తిరిగాను. జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఒక మనిషి మోకాళ్ల కోసం కొండ మోకాళ్లు విరగ్గొట్టమంటావా? అలా అని నిన్ను పదిమందిలో నిలబెట్టడానికి నోరు వస్తుందా? సభకు వెళ్లేటప్పటికి కూడా నాకే తెలియదు, ఏం చేస్తానో. బోర్తొలో చేతులెత్తమనగానే మాత్రం కాళ్లు వాటంతటవే లేచాయి.

"నేను మాట్లాడాలి," అన్నాను.

"కూర్చో ఓర్సొలా. తలుపు దగ్గర ఆడవాళ్ల బల్లకి నోరు లేదు."

"బల్లకి లేదేమో, నాకుంది!"

అప్పుడు నువ్వు లేచావు. ఒక్కో కుర్చీ వీపు పట్టుకుంటూ, కుంటుకుంటూ, ఆ గది అంతా దాటి ఆడవాళ్ల బల్ల దగ్గరికి వచ్చి దెల్ఫీనా పక్కన కూలబడ్డావు. నీ కాళ్ల సంగతి ఊరంతా ఆ క్షణంలోనే చూసింది. "రాసుకో బోర్తొలో. నాలుగేళ్లుగా మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఇది. నేను కాదు. ఆ కుర్చీ దీనిది," అన్నావు.

నీకెవరు చెప్పమన్నారు? ముప్పైనాలుగేళ్లు నోట్లో పెట్టుకున్న మాట అది, నా మాట. దాన్ని కూడా నువ్వే తీసుకున్నావు. నీ మీద గట్టిగా అరవాలనిపించింది. అదే సమయంలో నిన్ను వాటేసుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. నడుచుకుంటూ వెళ్లి నాన్న కుర్చీలో కూర్చున్నాను. "లే, లే!" అని ఎంతమంది అరిచారో నీకు వినబడే ఉంటుంది. లేవలేదు. బోర్తొలో నా చేయి లెక్కపెట్టలేదు, నీదీ లెక్కపెట్టలేదు. పదకొండూ పదకొండూ. సమానమైతే ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఆచారం. రోడ్డు పోయింది.

నిన్న బోర్తొలో నుంచి కాగితం వచ్చింది. మన పొయ్యి ఇప్పుడు ఎవరిదీ కాదట, అక్టోబరు సభకు ఆ కుర్చీ గదిలోంచి తీసేస్తారట. తీసేయమను. అదే చోట నేల మీద కూర్చుంటాను. దెల్ఫీనా నా పక్కన కూర్చుంటానంది. ఇంకో ఇద్దరు కూడా అన్నారు, పేర్లు ఇప్పుడే చెప్పను.

ఇక నీ సంగతి. జూన్ ఇరవైన ఈ ఏడాది మా మొదటి నడక. నువ్వు గ్రిజా ఎక్కుతున్నావు. తెల్లవారకముందు దొంగలా కాదు, ఆదివారం పూజ అయ్యాక, చర్చి మెట్ల మీద ఊరంతా నిలబడి ఉన్నప్పుడు, వాళ్ల ముందు నుంచే. కళ్లెం నేను పట్టుకుంటాను. నవ్వేవాళ్లను నవ్వనీ, ఎవరు నవ్వారో పేరుపేరునా చూసుకుంటాను. రెండు రోజులు పడుతుంది, తొందర పడకు. గుడిసె కప్పు పోయి ఉంటే నువ్వు కింద కూర్చుని ఎలా వెయ్యాలో చెప్పు, పైకి నేనెక్కుతాను.

రానంటావేమో. నలభై అడుగులు నడిచి వచ్చి ఎత్తుకుపోతాను.

నీ చెల్లెలు
ఓర్సొలా,
సోప్రాకోల్ ఇరవైమూడో పొయ్యి