417 నంబరు డ్రాయింగు

మార్చి 3, ఉదయం 8.10

మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. తీయమన్నాను. పది నిమిషాలంది, నలభై పట్టింది. ఆఫీసు పని కాదట. కింది అంతస్తు మెషిన్ మేస్త్రి కోసమట.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట అతనూ నేనూ ఒకే కార్ఖానా. అతను మెషిన్ షాపు, నేను డ్రాయింగు ఆఫీసు. అతను కోసిన బ్రాకెట్ ఒకటి విరిగి, అది మోస్తున్న మోటారు కింద పడింది. ఒక మనిషి కాలు పోయింది. లోపలి మూల గుండ్రంగా కోయాల్సింది పదునుగా కోశాడని అతని ఉద్యోగం తీసేశారు.

ఆ బ్రాకెట్‌ని క్యాలెండర్ కాగితం వెనక గీసి పిల్లకిచ్చాడు. తప్పు తనదో కాదో కంప్యూటర్‌ని అడిగి చెప్పమన్నాడట.

మార్చి 4

పిల్ల కంప్యూటర్లో స్కెచ్ గీసింది గానీ దానికి దళసరి రావడం లేదు. గంట తంటాలు పడింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒకచోట గీత గీతని కలవలేదు. అమ్మమ్మా, దీనికి నీ పోలికే వచ్చింది, వెంట్రుకంత సందున్నా ఊరుకోదు అంది. నాకు నవ్వు రాలేదు.

కలపగానే చదునుగా ఉన్న బొమ్మ లేచి నిలబడింది. పిల్ల దాన్ని గిర్రున తిప్పింది. దాని వెనకవైపు ఇన్నేళ్లకు చూశాను.

మార్చి 6, సాయంత్రం 5.00

ఆరు వందల కిలోల లోడ్ పెట్టింది. తెర మీద లోపలి మూల ఎర్రబడింది, విరిగేది అక్కడేనట. ఆ మూలకి పన్నెండు మిల్లీమీటర్ల గుండ్రం ఇచ్చింది. ఎరుపు పోయింది.

మేస్త్రిని పిలిచి చూపించింది. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు చూశాడు. అయితే నేనేనన్నమాట అన్నాడు. విచారణలో డ్రాయింగు తెచ్చి R12 అని, ఇదే పన్నెండు గుండ్రం, రాసుండటం చూపించారు, కోసిన రోజు నాకు మాత్రం కనపడలేదు, ఏం కళ్లో తల్లీ అన్నాడు. నావైపు తిరిగి, డ్రాయింగమ్మగారి కాగితంలో తప్పు వెతకడమంటే కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే అన్నాడు.

అతని టీ చల్లారిపోయింది. నాదీ.

మార్చి 7

మెట్లు దిగలేదు.

మార్చి 9, మధ్యాహ్నం

రాసేస్తాను. ఇంజినీరు రఫ్ స్కెచ్‌లో R12 ఉంది. దాన్ని పలచటి కాగితం మీదకి ట్రేసింగుగా ఎత్తి గీసేటప్పుడు వదిలేసింది నేను. బ్రాకెట్ విరిగిన రోజు అందరూ ఆసుపత్రికి పరుగెడుతుంటే ట్రేసింగు తీసి R12 రాశాను. నా దస్తూరీయే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అంతకు ముందే దాన్నుంచి తీసి షాపులో మేస్త్రికిచ్చిన నీలి ప్రింటు వెనక్కి తెప్పించి ఇంటికి పట్టుకొచ్చాను.

చింపేద్దామనే తెచ్చాను. డ్రాయింగు చింపడం నాకు చేతకాదు. నంబరు వేయకుండా కాగితం దాచడమూ చేతకాదు. ఇంటి రిజిస్టరులో 417 వేసి అలమరలో పెట్టాను.

ఇవాళ తీసి పిల్లకి చూపించాను. మూల దగ్గర ఏ కొలతా లేదు. ప్రింటుని అటూ ఇటూ తిప్పి చూసింది. చిన్నప్పుడు హోంవర్కులో ఒక్క కొలత వదిలితే పేజీ చింపించేదానివి అంది.

అవునన్నాను.

మార్చి 10, ఉదయం 11.00

పిల్ల తోడొస్తానంది. వద్దన్నాను. ఇరవై రెండు మెట్లు.

అంతా చెప్పాను. R12 ఎప్పుడు రాశానో కూడా. అతను ప్రింటుని కిటికీ దగ్గర పరిచి భూతద్దం అడిగాడు. భార్య తెచ్చింది. మూల మీద వేలు పెట్టి చాలాసేపు వెతికాడు. భార్యతో, విన్నావా, నా కళ్లు బాగానే ఉన్నాయట అన్నాడు.

ఆవిడ నన్ను కూర్చోమనలేదు. నిలబడే ఉన్నాను.

మార్చి 17

రిజిస్టరు. నం. 417. ఎవరికి ఇచ్చినది: మెషిన్ మేస్త్రికి. తిరిగి వచ్చిన తేదీ: ఖాళీ వదిలాను.

నేను ఖాళీ వదలడం ఇది రెండోసారి.