చోటు లేదు పొండి

బలీవాగ్,
నవంబరు 3, 1989

రెమీ తల్లీ,

నువ్వు క్షేమమని తెలుసు, అందుకే అడగడం లేదు. నీ క్షేమం గురించి ఈ ఇంట్లో పొద్దున లేచింది మొదలు వింటూనే ఉన్నాను. హాంకాంగ్‌లో నీకు జలుబు చేస్తే ఇక్కడ అమ్మ అల్లం దంచి కషాయం కాస్తుంది. తాగేది మాత్రం నేను.

ఆరేళ్ళ తర్వాత క్రిస్మస్‌కి వస్తున్నావని తెలిసిన దగ్గర్నుంచి అమ్మ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నీ కోసం నా గదికి సున్నం వేయించింది. నన్ను కుట్టుమిషను పక్కన చాప వేసుకోమంది. పందిపిల్లను మేపుతోంది, దానికి కూడు పెట్టేటప్పుడు కూడా నీ పేరే. నేను ఏటా వెదురు చీల్చి కట్టే కాగితం నక్షత్రం ఈసారి వద్దట, కరెంటు దీపాలది కొనాలట. పక్కింటి ఇంద్యాంగ్ పిన్ని గోడ మీంచి తల పెట్టి, "ఏమే లీటా, దొరసాని దిగుతోందటగా! నీకిక వంటిల్లే గతి" అంది. "నా గతి సరే, నువ్వు ముందు నీ కట్టుడు పళ్ళెక్కడున్నాయో చూసుకో పిన్నీ" అని లోపలికొచ్చి ఏడ్చాను.

కుళ్ళు అనుకుంటున్నావా? కుళ్ళే. కాదని ఎవరితో చెప్పాలి? నువ్వు పంపే అట్టపెట్టె వచ్చిన రోజు వీధంతా సబ్బు వాసన చూడడానికి మన ఇంట్లోనే ఉంటుంది. చాక్లెట్లు పంచేది నేను, దీవెనలు నీకు. పోనీలే అనుకున్నాను. అమ్మ సాయంత్రాలు తలుపు వేసుకుని టేపురికార్డరుతో నీకు కబుర్లు చెబుతుంది. నాతో "బియ్యం కడిగావా?" అని తప్ప మాట్లాడదు. అదీ పోనీలే అనుకున్నాను.

కానీ నిన్న అన్నం తింటూ ఏమందో తెలుసా? "ఈసారి కిటికీలో పాట రెమీ పాడుతుందిలే. నువ్వు ఏటా పాడేదేగా."

క్రిస్మస్ ముందురోజు మరియమ్మ, యోసేపు వేషాలవాళ్ళు వీధి వెంట ఇంటింటికీ వచ్చి, తలదాచుకోవడానికి చోటిమ్మని పాడతారు కదా. అప్పుడు మన కిటికీలోంచి "చోటు లేదు పొండి" అని పాడేది, నాన్న పోయిన ఏడు నుంచి, నేనే. లీటా తరిమితే యోసేపు నిజంగానే ఏడుస్తాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఈ వీధి నన్ను తలెత్తి చూసేది ఏడాదికి ఆ కాసేపే. నాకు పెళ్ళి కాలేదు, హాంకాంగ్ రాలేదు. ఆ కిటికీ ఒక్కటుంది. అది కూడా నీకే కావాలా?

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఈ ఏడు రాకు. సెలవు దొరకలేదని అమ్మకు రాసెయ్. నేను వద్దన్నానని మాత్రం చెప్పకు.

నీ అక్క,
లీటా


హాంకాంగ్,
నవంబరు 19

అక్కా, నా మొండి అక్కా,

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని నేను పనిచేసే ఇంటి అమ్మగారు అడిగితే ఉల్లిపాయలు కోశానన్నాను.

అమ్మ తలుపు వేసుకుని టేపులో ఏం చెబుతుందనుకుంటున్నావ్? నీ మీద చాడీలు! నువ్వు ఉప్పు తక్కువ వేస్తావట, జవాబు మాత్రం ఎక్కువ చెబుతావట. ఆ తిట్లు వింటుంటే నాకెంత కుళ్ళో నీకేం తెలుసు? నన్ను మాత్రం చుట్టాన్ని పలకరించినట్టు "తిన్నావా తల్లీ, బాగున్నావా తల్లీ" అంటుంది. అమ్మ చేత తిట్లు తిని ఆరేళ్ళయింది, అక్కా.

ఇంకో సంగతి. ఏటా జనవరిలో వచ్చే టేపు రెండోవైపు నీ పాటే ఉంటుంది. కిటికీ తెర వెనక దాక్కుని అమ్మ పట్టి పంపుతుంది. ఆదివారం సెలవు కదా, ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మన దేశం ఆడవాళ్ళమంతా అట్టముక్కలు పరుచుకుని పార్కులో కూర్చుంటాం. సెబూ పిల్లలు, ఇలోకోస్ పిల్లలు, "మీ అక్కని పెట్టవే" అని నా ప్రాణం తీస్తారు. అక్కడ నువ్వు పొమ్మంటుంటే ఇక్కడ మేం ముక్కులు చీదుతాం. నాకైతే తెల్లవారుజాము పూజ, చర్చి ముందు అరిటాకులో కాలే బిబింకా రొట్టె వాసన, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడతాయి. పొమ్మనిపించుకోవడానికైనా ఆ వీధిలో ఉండాలి కదా!

పాడనని అమ్మకు అప్పుడే రాసేశాను. నాకు కిటికీ వద్దు, కింద వీధి కావాలి. మరియమ్మ వేషం నాకిప్పించు. ఇల్లిల్లూ తిరిగి మన కిటికీ కింద నిలబడతాను. నువ్వు మనసారా తరుము. ఎలాగూ నటించాల్సిన పని లేదుగా!

నీ చెల్లెలు,
రెమీ


బలీవాగ్,
డిసెంబరు 5

ఒసేయ్ రెమీ,

ముప్ఫై ఆరేళ్ళ మరియమ్మ ఎక్కడైనా ఉంటుందటే? వేషాలు చూసే బెనీటా టీచరమ్మ పగలబడి నవ్వింది. "వయసు పిల్లలు వరస కట్టి ఉంటే మీ చెల్లెలికా!" అంది. నాకు ఒళ్ళు మండింది. "ఆరేళ్ళుగా పరాయి ఇంట్లో పడుంటోందండీ అది. చోటు అడగడమంటే ఏమిటో మీ పిల్లలకేం తెలుసు?" అని గొంతు చించుకున్నాను. ఒప్పుకుంది.

నీలం ముసుగు తెచ్చి అంచు కుట్టాను. కుడుతూ మళ్ళీ కుళ్ళుకున్నాను. వయసులో ఉండగా ఆ ముసుగు నాకెవరూ ఇవ్వలేదు. నువ్వు అడగడం, నేను పరిగెత్తడం! దొరసానివి మరి. గదిలో నీ మంచం పక్కనే నా చాప వేస్తున్నాను, అమ్మ ఎంత గొణిగినా సరే.

కానీ ఒక చిక్కు వచ్చి పడింది. నిన్న కిటికీలో పాట సాధన చేస్తూ, కింద నువ్వు నిలబడ్డట్టు అనుకున్నాను. "చోటు" దాకా వచ్చింది. "లేదు" రాలేదు. లోపల్నుంచి అమ్మ, "గొంతు పోయిందా ఏమే?" అని అరిచింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదు. ఆ రోజు వీధంతా చూస్తుండగా ఆగిపోతే నా పరువేం కాను? అందుకని ముందే చెబుతున్నాను. మన ఇంటి ముందుకు రాగానే ముసుగు బాగా ముందుకు లాక్కో. తల ఎత్తి నా మొహం చూడకు. చూశావంటే నిన్ను పొమ్మనలేను.

నీ అక్క,
లీటా