కవరు మీది సంతకం

17 నవంబర్ 2003, సోమవారం

సీజన్ మొదలైంది. ఈరోజు పదకొండు సంతకాలు.

అమెరికాలో ఎమ్మెస్‌కు అప్లై చేసే పిల్లలకు మేము రెకమెండేషన్ లెటర్ రాయాలి. వాళ్లకు చూపించకుండా కవరులో పెట్టి, అంటించిన చోట సంతకం చేసివ్వాలి. అదీ రూలు. మా కాలేజీలో ఎవరి పొగడ్త వాళ్లే రాసుకుంటారు. లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, కవర్లతో సహా తెస్తారు. నేను పెన్ను మూత తీస్తాను, అంతే.

ఈరోజు ఒకడు తనను తాను బార్న్ లీడర్ అని రాసుకొచ్చాడు. వైవాలో నా మొహం చూడలేక బూట్లు చూస్తూ నిలబడినవాడు. రోత పుట్టింది. సంతకం పెట్టాను. ఆ తర్వాత ఇంకో నలుగురికి పెట్టాను.

21 నవంబర్

ఫైనల్ ఇయర్ మెకానికల్ వినుత వచ్చింది. హోసూరు అవతల తళి దగ్గర పల్లె. రెండు బస్సులు మారి వస్తుంది. వాళ్ల నాన్న గ్రీన్‌హౌస్‌లో గులాబీలు కోసే కూలీ అని ఎవరో చెప్పగా విన్నాను.

చేతిలో ఖాళీ కవరు ఒక్కటే ఉంది. లెటరేదమ్మా అన్నాను. మీరు రాస్తారు కదా సార్, నా గురించి నేనే ఎట్ల రాసుకునేది అంది. వెక్కిరింపు కాదు. ఆ అమ్మాయికి నిజంగానే తెలియదు. సిగ్గేసింది. సిగ్గుపడవలసి వచ్చినందుకు ఆ అమ్మాయి మీదే ఒళ్లు మండింది. వారం తర్వాత రమ్మన్నాను.

28 నవంబర్

వచ్చింది. మర్చిపోయాను. సోమవారం అన్నాను.

1 డిసెంబర్, మధ్యాహ్నం 3.30

కొరియర్ నాలుగింటికి. వినుత గుమ్మం బయట నిలబడి ఉంది. టేబుల్ మీద దిద్దవలసిన పేపర్లు డెబ్బై. స్టాఫ్ రూమ్ కంప్యూటర్‌లో వెతికితే పాత ఫైల్ ఒకటి దొరికింది. రెండేళ్ల కిందట ఆనంద్ అనేవాడు తన గురించి తాను రాసుకుని, నా సంతకం తీసుకుని వెళ్లినది. బాగా రాసుకున్నాడు వెధవ. ఇరవై ఏళ్ల నా సర్వీసులో ల్యాబ్‌లో ఇంత ఓపిక, ఇంత నిజాయితీ ఉన్న విద్యార్థిని చూడలేదని నా చేత అనిపించాడు.

పేరు మార్చాను. ప్రింటు, సంతకం, కవరు, సెలోటేపు. పది నిమిషాల పని. వినుత కవరును రెండు చేతులతో తీసుకుంది.

నా సర్వీసు పద్నాలుగేళ్లే. అది కూడా దిద్దలేదు.

25 జనవరి 2004, ఆదివారం

హోసూరు బస్టాండు పక్కన బ్రౌజింగ్ సెంటర్‌లో మెయిల్ చూసుకున్నాను. అమెరికా నుంచి ఆనంద్ చాంతాడంత రాశాడు. ఇద్దరుండే ఫ్లాటులో ఆరుగురు ఉంటారట. అందరూ మనవాళ్లే. గిన్నెలు కడిగే వంతు నాది కాదంటే నాది కాదని తొమ్మిది రోజులు కడగలేదట. సింకులో పురుగులు పడితే మూత వేసి, బాత్‌రూమ్‌లో బియ్యం కడుక్కున్నారట. ఒకడి హోంవర్క్ ఐదుగురు దించుతారట. ఇదంతా గొప్పగా రాశాడు.

ప్రొఫెసర్ ల్యాబ్‌లో వేడి కొలిచే థర్మోకపుల్ బిగించమంటే చేతకాక నిలబడ్డాడట. పక్క సీటులో ఉండే నైజీరియా అతను వారం రోజులు ఓపికగా నేర్పాడట. మీ దేశంలో ల్యాబులు ఉండవా అని మాత్రం అడిగాడట.

ఉంటాయి. ఒకరు చేస్తారు. ముప్పై మంది ఆ రీడింగులు ఎక్కించుకుంటారు. మేము టిక్కులు కొడతాము.

చివర్లో ఇంకో వాక్యం. వినుత మా డిపార్ట్‌మెంటుకే అప్లై చేసింది సార్, ఆ పిల్ల వస్తే నా ల్యాబ్ పని కూడా చూసుకుంటుందిలే అని. అంటే ఆనంద్ లెటర్ పోయిన చోటికే వినుతదీ పోయింది. కవరు మీద అడ్రసు ఆ అమ్మాయే రాసుకుంది. నేను చూడలేదు.

8 మార్చి

వినుత నవ్వుతూ వచ్చింది. నేను రాసిన లెటర్ కాపీని యూనివర్సిటీ వాళ్లు తనకు మెయిల్లో పంపారట. ఇది మీ సార్ రాసిందేనా అని అడిగారట. అవునని జవాబిచ్చిందట.

నేను ల్యాబ్‌లో చేసేది మీరు చూస్తా ఉండారని నాకు తెలీదు సార్ అంది. నిన్న మా నాయనకు తెలుగులో చదివి చెప్పినాను, రెండు తూర్లు చదివించుకున్నాడు అంది.

క్లాసుందని చెప్పి లేచి వచ్చేశాను. క్లాసు లేదు.

14 మార్చి, ఆదివారం, ఉదయం 10

రెండు మెయిల్స్.

ఒకటి యూనివర్సిటీది. రెండేళ్ల తేడాతో వచ్చిన రెండు లెటర్లు, పేరు తప్ప, అక్షరం పొల్లుపోకుండా ఒకటే. వినుత దొంగ లెటర్ తయారు చేసుకుందని కమిటీ అనుమానం. ఇరవై ఆరో తేదీలోగా నేను సంజాయిషీ ఇవ్వకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. మళ్లీ ఎప్పటికీ తీసుకోరు.

రెండోది ఆనంద్‌ది. ప్రొఫెసర్ వాడి ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడట. నాకేం తెలియదు అన్నాడట వీడు. నాది నేనే రాసుకున్నానని తెలిస్తే ఇంటికి తరిమేస్తారు సార్, ఆ పిల్లే నాది యాడో చూసి కాపీ కొట్టిందని రాసెయ్యండి, ఆమెకు ఇంకో యూనివర్సిటీ దొరుకుతుంది అన్నాడు. వినుతకు జీతమిచ్చే అసిస్టెంట్‌షిప్ లేకపోతే ఏ యూనివర్సిటీ లేదని వీడికి తెలుసు. ఛీ.

15 మార్చి

ప్రిన్సిపాల్ నరసింహప్ప గారికి చెప్పాను. ఆయన కాఫీ చల్లార్చుకుంటూ విన్నారు. ఏమప్పా రామచంద్రా, ఒక పిల్ల కోసరం ఏటేటా పొయ్యే నలభై మంది దావ మూసేస్తావా అన్నారు. జవాబు రాయొద్దు, మెయిల్ రాలేదను, ఎవురు అడిగేది అన్నారు. బిస్కెట్టు కూడా ఇచ్చారు.

తిన్నాను.

19 మార్చి

రాయలేదు.

22 మార్చి

రాయలేదు. కారిడార్‌లో వినుత ఎదురొస్తుంటే జెరాక్స్ గదిలోకి దూరాను. నలభై ఏళ్లవాణ్ని.

25 మార్చి

రాశాను. రెండు లెటర్లూ నావే, వినుత కవరు తెరవలేదు, సోమరితనంతో పాతదాన్నే పేరు మార్చి పంపాను అని.

నిజం చెబుదామని కూర్చుని కూడా సగమే చెప్పాను. ఆనంద్ మీద జాలితో కాదు. వాడిది వాడే రాసుకున్నాడంటే, మిగతావి ఎవరు రాశారని అడుగుతారు. వందకు పైగా ఉంటాయి. సోమరి అనిపించుకోవడం దానికన్నా నయమనిపించింది. నన్ను చూస్తే నాకే వెగటుగా ఉంది.

2 ఏప్రిల్

వినుతకు అడ్మిషన్, అసిస్టెంట్‌షిప్ రెండూ వచ్చాయి. మార్కులు, లెటర్లిచ్చిన మిగతా ఇద్దరు సార్ల మాట చాలన్నారు. ఇకపై నా సంతకంతో వచ్చే ఏ లెటరూ చదవరట. ప్రిన్సిపాల్ పలకరించడం మానేశారు. పిల్లలు కవర్లు పట్టుకుని నా గది దాటి పక్క గదికి పోతున్నారు. అక్కడా పెన్ను మూత తీస్తూనే ఉన్నారు.

5 ఏప్రిల్

వినుతను పిలిచి మొత్తం చెప్పాను. ఆనంద్ సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అయితే అదంతా ఆనంద్ అన్న గురించా సార్ అంది. వాడి గురించి కూడా కాదమ్మా అన్నాను.

కిటికీలోంచి హైవే మీద పోయే లారీలు చూసింది. మా నాయనకు మాత్రం చెప్పొద్దండి సార్ అంది.

28 జులై, బుధవారం

వీసా వచ్చిందని వినుత, వాళ్ల నాన్న అంకప్ప వచ్చారు. ఆయనను ఇదే మొదటిసారి చూడటం. వేళ్ల నిండా ముళ్లు గీరిన గాట్లు. జేబులోంచి ఆ లెటర్ తీశాడు, మడతల దగ్గర చిరిగి ఉంది. పాప చదివితే విన్నాను, మీరు రాసింది మీ నోట్తో ఒకతూరి వినల్ల సామీ అన్నాడు.

కాగితం పక్కన పెట్టి, వినుత గురించి నా సొంతంగా నాలుగు మాటలు చెబుదామనుకున్నాను. నాలుగేళ్లు నా క్లాసులో కూర్చున్న పిల్ల. ఒక్క మాటా దొరకలేదు.

కాగితం విప్పి, తెలుగులో చదివాను. వినుత కన్ను తిప్పకుండా నన్నే చూసింది. అంకప్ప లేచి నిలబడి విన్నాడు.