ఐసు వెయ్యని మంచినీళ్ళు

నగర కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎన్నికల నిధి విందులో మా వీధి గురించి జరిగిన ఒప్పందం, ఆ మీదట కుళాయిలు ఆగిపోవడం గురించి.

నిన్న ఉదయం మా వీధి కుళాయిలు ఆగిపోయాయి. ఆగిపోతాయని నాకు ముందే తెలుసు. ఇక ఊరుకుంటే నేను కూడా ఆ పనిలో చెయ్యి కలిపినట్టే అవుతుందని ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

1. మా అమ్మ విందు హాలులో వడ్డన పని చేస్తుంది. పోయిన శనివారం ఆమెకు జ్వరం రాగా ఆమె బదులు నేను వెళ్ళాను. ఆ రోజు పార్టీ నిధి కోసం విందు. నాయకుడు గారి పక్క కుర్చీ మా వీధి వెనుక అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు గారిది. విందు ఖర్చంతా ఆయనదేనని వంటింట్లో అనుకున్నారు.

2. మా ముందు వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. మాకు రాదని ధీమా. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. నాకు వచ్చు. ఎన్నికలు అయ్యేలోగా మా వీధి ఖాళీ కావాలని బిల్డరు గారు కోరారు. జనం గొడవ చేస్తారేమోనని నాయకుడు గారు సందేహించారు.

"గొడవెందుకండీ? వారం రోజులు నీళ్ళు ఆపితే వాళ్ళే సామాను సర్దుకుంటారు. తర్వాత ఇళ్ళు కూలేలా ఉన్నాయని ఒక్క కాగితం చాలు," అన్నారు బిల్డరు గారు.

నాయకుడు గారు కాదనలేదు. ఇంకొంచెం అన్నం వడ్డించమన్నారు.

3. తరువాత జరిగిన పొరపాటు నాది. గొంతు బాగాలేదని, ఐసు లేని నీళ్ళయితే బాగుండునని బిల్డరు గారు పక్కవారితో ఇంగ్లీషులో అన్నారు. నాతో అనలేదు. నేను ఆలోచించకుండా వెళ్ళి ఐసు వెయ్యని గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన గ్లాసు ముట్టుకోలేదు. ఆ బల్ల దగ్గర మాటలన్నీ ఆగిపోయాయి. బయటికి వచ్చేటప్పుడు సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచి, "ఏమ్మా, ఎంతవరకు చదివావు?" అని మెల్లగా అడిగాడు. చదువుకోలేదని చెప్పాను.

4. మర్నాటి నుంచి మా వీధి మొదట్లో ఒక కారు ఆగి ఉంటోంది. అమ్మను పనిలోకి రావద్దన్నారు. "నిన్ను బడికి పంపింది నేనే. ఏమీ రానట్టు ఉండవే అని బతిమాలేదీ నేనే," అని అమ్మ ఏడుస్తోంది.

5. ఆ బల్ల దగ్గర ఒక అధికారి కూడా ఉన్నారు. కాగితం సంగతి తాను చూసుకుంటానన్నారు. వడ్డించేటప్పుడు కంచాలే చూడాలి, మొహాలు చూడకూడదని మాకు నియమం. కాబట్టి ఆయనెవరో నాకు తెలియదు. గొంతు మాత్రం విన్నాను. తమరి గొంతు నేనెన్నడూ వినలేదు. అది తమరు కారని నమ్మి రాస్తున్నాను. తమరిని నమ్మకపోతే రాసుకోవడానికి నాకు వేరే ఎవరూ లేరు.

కావున కుళాయిలు విప్పించి, ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకముందే తమరు స్వయంగా వచ్చి మా ఇళ్ళు చూడవలెనని, ఈ అర్జీని మరొకరి చేతికి ఇవ్వకుండా చిత్తగించవలెనని వేడుకుంటున్నాను.

తమ విధేయురాలు,
వడ్డన మనిషి కూతురు

మరొక మనవి: దయచేసి మా ఇంటికి మనిషిని పంపవద్దు. చప్పుడైతే చాలు, అమ్మ తలుపు గడియ పట్టుకుని నిలబడుతోంది. తమ జవాబు ఈ నెల పదో తేదీలోగా ఆఫీసు బయట నోటీసు బోర్డు మీద అంటించండి. నేను వచ్చి చూసుకుంటాను. నేను రాలేకపోతే మా వీధివాళ్ళు వస్తారు. వాళ్ళకు చదవడం రాదు. అక్కడున్న ఎవరిచేతనైనా గట్టిగా చదివించుకుంటారు.