జూన్ రెండో తేదీ బోర్డు

జూన్ 1, సోమవారం

బోర్డు మీద అక్షరాలు ఇంకా పెద్దవిగా రాయమన్నారు డాక్టరమ్మ. సరే. రోజూ సాయంత్రం ఐదింటికి మా వార్డు హెల్త్ అప్‌డేట్ నేనే రాస్తాను. కొత్త కరోనా కేసులు, కోలుకున్నవాళ్లు, మరణాలు, చివర్లో పేషెంట్లు తిరిగిన చోట్లు. ఆఫీసు ముందు బోర్డు మీద రాసి, ఫోటో తీసి వార్డు వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఇవాళ ఏడు, నాలుగు, సున్నా.

తన షాపు పేరు ఎందుకు రాశావని మందుల షాపాయన తగువుకొచ్చాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, మనుషుల పేర్లు రాయం, చోట్లు రాస్తాం, రూలు అందరికీ ఒకటే అని పంపేశారు. నేను పక్కన నిలబడి తలూపాను.

జూన్ 2, మంగళవారం, మధ్యాహ్నం 3.10

రిజల్ట్స్ వచ్చాయి. తొమ్మిది పాజిటివ్. ఆరో పేరు మా బావది.

4.20

అక్క ఫోన్ చేసి బావకిచ్చింది. బావది సెలూన్. రెండు కుర్చీలు, ఒక అద్దం, మనిషి మాత్రం మాటకారి. ఇవాళ ఆ గొంతు బొంగురుపోయింది. శనివారం నుంచి ముప్పై ఎనిమిది మంది వచ్చారట. అందరికీ నేనే ఫోన్ చేసి చెప్పుకుంటానమ్మా, ఒక్కరోజు ఆగు, బోర్డు మీద చూసి తెలుసుకుంటే నా మొహం వాళ్లకెలా చూపించను అన్నాడు. వెనకనుంచి అక్క, సొంతవాళ్లకి ఆ మాత్రం చేయకపోతే నీ ఉద్యోగం ఎవరికోసమే అంటోంది.

డాక్టరమ్మ టెస్టింగ్ క్యాంపులో ఉన్నారు. నేను రాసింది ఇవాళ సరిచూసేవాళ్లు లేరు.

5.00

రాసేశాను. తొమ్మిది, రెండు, సున్నా. చోట్లు: కూరగాయల మార్కెట్, బస్ డిపో క్యాంటీన్.

సెలూన్ లేదు.

జూన్ 3, బుధవారం

సెలూన్ పేరు చేర్చాను. ఆ రిజల్ట్ నిన్నే వచ్చిందిగా అని డాక్టరమ్మ అడిగారు. చూసుకోలేదు మేడమ్ అన్నాను. అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది. ఆవిడ నమ్మారు.

బావ ముప్పై ఒక్కమందికి ఫోన్ చేశాడట. మిగతా ఏడుగురి నంబర్లు లేవట.

జూన్ 4, గురువారం

ఆ ఏడుగురిలో ఒకాయన టెస్టుకొచ్చారు. రిటైర్డ్ పోస్ట్‌మన్. ఇస్త్రీ చొక్కా, కొత్తగా కత్తిరించిన జుట్టు. ఫారం నేనే నింపాను. ఇంట్లో ఎవరుంటారంటే భార్య అన్నారు. ఆవిడకు ఎప్పటినుంచో ఉబ్బసం. మంగళవారం తనకు గొంతులో గరగర ఉంటే అనుమానమొచ్చి, మా బోర్డు దాకా నడిచొచ్చి చదివారట. నేను వెళ్లిన చోటేదీ లేదమ్మా, హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లాను, ఆ సాయంత్రం ఆవిడకు ఆయాసం వస్తే వీపు నిమురుతూ కూర్చున్నాను అన్నారు. బుధవారం బోర్డు చూశాక ముందు గదిలోకి మారిపోయారట.

ఫారంలో తేదీ తప్పు రాశాను. ఆయనే చూసి చెప్పారు.

జూన్ 5, శుక్రవారం

ఆయనకు పాజిటివ్.

జూన్ 8, సోమవారం

ఆయన భార్యకూ పాజిటివ్. అంబులెన్స్ పన్నెండింటికి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆయన్ని ఇంట్లోనే ఉండమన్నారు.

జూన్ 9, మంగళవారం

డాక్టరమ్మకు చెప్పేశాను. చూసుకోకపోవడం కాదు, చూసే ఆపానని. ఆవిడ కేకలేస్తారనుకున్నాను. పెన్ను క్యాప్ పెట్టారు, అంతే. ఆ ఒక్కరోజు వల్లే అంటుకుందా అని అడిగాను. ఎవరూ చెప్పలేరు, ముందే అంటుకుని ఉండొచ్చు, ఆ సాయంత్రమే కావచ్చు, నీకెప్పటికీ తెలియదు అన్నారు. తర్వాత, బోర్డు చదివి నమ్మినవాళ్లకి మనం జవాబు చెప్పుకోవాలి, రాయి అన్నారు.

నాలుగుసార్లు రాసి కొట్టేశాను. చివరికి ఇలా రాశాను. "సెలూన్ సమాచారం జూన్ 2న అందింది. 3న ప్రకటించాం. ఈ వివరాలు రాసే ఉద్యోగి, సెలూన్ యజమానికి బంధువైనందున, కావాలనే ఆపింది."

అక్షరాలు పెద్దవిగానే రాశాను.

గ్రూపులో నూట పన్నెండు మెసేజ్‌లు. అన్నీ చదివాను. తిట్టినవాళ్లలో మందుల షాపాయన లేడు. అక్క ఫోన్ ఎత్తలేదు. బావే చేశాడు. దగ్గు మధ్యలో, అడిగింది నేను, నింద నువ్వు మోస్తున్నావు, నా పేరు కూడా వేయాల్సింది అన్నాడు. మనుషుల పేర్లు రాయం బావా అన్నాను.

జూన్ 10, బుధవారం

బోర్డు పని తీసేశారు. న్యాయమే. ఇక ఫోన్ డ్యూటీ. ఇరవై రెండు ఇళ్లకు రోజూ ఫోన్ చేసి టెంపరేచర్, ఆక్సిజన్ అడిగి రిజిస్టర్‌లో గడులు నింపాలి. పద్నాలుగో నంబరు పోస్ట్‌మన్‌ది. ఆ ఒక్కటీ వేరేవాళ్లకిస్తానన్నారు డాక్టరమ్మ. వద్దన్నాను.

నేనెవరో ముందే చెప్పాను. పెట్టేస్తారనుకున్నాను. 99.4, ఆక్సిజన్ 95, రాసుకోండి అన్నారు.

"అమ్మా" అనలేదు.

జూన్ 13, శనివారం

99. 96. ఆయన పెట్టేశారు.

జూన్ 15, సోమవారం

ఆయన భార్య ఉదయం ఆరున్నరకు ఆసుపత్రిలో పోయారు.

నా ఫోన్ పదింటికి. చేయాలా వద్దా అనుకుంటూనే చేశాను. ఆయన 98.8 అన్నారు. ఆక్సిజన్ చూసుకోలేదన్నారు. ఉంటాను, చూడండి అన్నాను. వేలికి క్లిప్పు పెట్టుకునేదాకా లైన్లోనే ఉన్నాను. 96.

జూన్ 16, మంగళవారం

ఇవాళ ఆయనే అడిగారు. గ్రూపులో నిన్న మరణాలు రెండని వేశారు, అందులో ఒకటి మా ఆవిడేనా అని. అవునన్నాను. ఎవరినీ వదిలేయలేదుగా అన్నారు. లేదండీ, నేను వెళ్లి లిస్టుతో సరిచూశాను అన్నాను. నిజంగానే చూశాను, రెండుసార్లు.

నన్ను క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది. ఆ బరువు కూడా ఆయనమీదే వేయడం ఎందుకని ఊరుకున్నాను.

జూన్ 20, శనివారం

బావ కోలుకున్నాడు. వాళ్లింటికెళ్తే అక్క గుమ్మందాకా వచ్చి గ్లాసుతో నీళ్లిచ్చి లోపలికెళ్లిపోయింది. పోస్ట్‌మన్‌కు నెగెటివ్. పద్నాలుగో పేరు కొట్టేశాను.

జూన్ 21, ఆదివారం

లిస్టులో ఇరవై ఒక్క ఇళ్లు. ఇరవై రెండు ఫోన్లు చేశాను. ఆయన ఎత్తి, ఏమీ అడగకుండానే చెప్పారు. రిజిస్టర్‌లో ఆయనకిక గడి లేదు. ఇక్కడ రాస్తున్నాను.

98.2. 97.