జొన్నచేనులో వేలాడిన డిస్క్

ఆదివారం, కోట్‌పల్లి

కంప్యూటర్ తెరుచుకోక నాలుగు రోజులు. మళ్లీ ఓఎస్, అదే ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కిద్దామని డిస్క్ వెతికితే, పిట్టలు బెదురుతాయని అమ్మ దాన్ని జొన్నచేనులో వేలాడదీసిందట! గీతలు పడి పనికిరాకుండా పోయింది.

సాయంత్రం వికారాబాద్ నుంచి వదిన వచ్చి, తన ల్యాప్‌టాప్‌తో ఓఎస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. నేనైతే వెంటనే పాతవన్నీ చెరిపేసేవాణ్ణి.

"జర ఆగు తమ్మీ, మామ గొంతు అండ్లనే ఉన్నది గద!" అంది. ముందు పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్ తెరిచి, నిరుడు పోయిన నాన్న రికార్డింగులు బయటకు తీసింది. ఆ తర్వాతే కొత్త ఓఎస్. ఆ చేతులకు దండం పెట్టాలి.

సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని, నాన్న గొర్రెలను పిలిచే రికార్డింగు గట్టిగా పెట్టింది. దొడ్డిలో గొర్రెలన్నీ ఒక్కసారిగా అరిచాయి. అమ్మ అలవాటుగా చెంబుతో నాన్న కాళ్లకు నీళ్లు పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది.