సెక్రటరీని చంపిందెవరో చెప్పను

ఏజెంటు గారికి,

మహిళా హాస్టలు వార్డెన్ నమస్కరించి రాయునది. నేనొక నవల రాశాను. మీరు నవలలు చదివి, నచ్చినవాటిని ప్రచురణకర్తల దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లను ఒప్పించి పుస్తకం చేయిస్తారని, అందుకు మీ వాటా మీరు తీసుకుంటారని తెలిసింది. మీకంటే ముందు ముగ్గురు ఏజెంట్లకు పంపాను. ఒకాయన చూసేది ప్రేమకథలేనట, హత్య అనగానే దణ్ణం పెట్టేశాడు. ఒకావిడ నా నవలకు బదులు ఎవరిదో వంటల పుస్తకం తిప్పి పంపింది. అదీ మంచిదే, మా వంటావిడకు పనికొచ్చింది. మూడో ఆయన ఉలకలేదు, పలకలేదు. మీకు హత్యల నవలలంటే ఇష్టమని, ప్రతి ఉత్తరానికీ జవాబిస్తారని మీ ప్రకటనలో చదివి, తగిన మనిషి దొరికిందని సంతోషించాను.

మీరు అడిగినట్టే మొదటి మూడు అధ్యాయాలు, కథాసారాంశం జతచేశాను. హాస్టలు సెక్రటరీ తన గదిలో కుర్చీలోనే చచ్చి పడి ఉంటాడు. కథ అక్కడ మొదలు. చంపిందెవరో మాత్రం సారాంశంలో రాయలేదు. ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేశారో పొక్కనివ్వకుండా ఇన్నేళ్లు హాస్టలు నడిపినదాన్ని. గుట్టు విప్పడం నా వల్ల కాదు.

చదివినా, చదవకపోయినా కృతజ్ఞతలతో,
వార్డెన్

తా.క. మా అసలు సెక్రటరీ గారు నవలలో తానున్నానని అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నారు. మొదటి పేజీ ఇంకా చూపించలేదు.

*

వార్డెన్ గారికి నమస్కారం.

మీ మూడు అధ్యాయాలు పొయ్యి దగ్గర నిలబడి మొదలుపెట్టి, నిలబడే ముగించాను. పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. ఇన్నాళ్లకు ఒక మంచి హత్య చదివించినందుకు ధన్యవాదాలు.

కానీ సారాంశం పాఠకుల కోసం కాదండీ, నా కోసం. ఏ ప్రచురణకర్త అయినా ముందు అడిగేది చివరికి ఎవరు చంపారనే. నేను నీళ్లు నమిలితే లేచి వెళ్లిపోతాడు. పైగా నేను పూర్తయిన నవలలే తీసుకుంటాను. దయచేసి ముగింపు పంపండి.

ఇట్లు,
ఏజెంటు

తా.క. వాచ్‌మన్ కదా?

*

ఏజెంటు గారికి,

మీ ఉత్తరం చూసి కళ్లు చెమర్చాయి. ఆనందం పట్టలేక భోజనాల వేళ అందరి ముందూ చదివాను, తాజా కలంతో సహా. అక్కడే వచ్చింది చిక్కు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మా వాచ్‌మన్ విసురుగా లేచి వెళ్లిపోయాడు. ముఖమైనా చూడని మనిషి తనను ఇంత మాట అంటుందా అని గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పాలవాడు బయట, కాలేజీకి వెళ్లాల్సిన అమ్మాయిలు లోపల.

ఎంత బతిమాలినా ఒకటే మాట: "ఆవిడ కాగితం మీద అన్నారు, కాగితం మీదే వెనక్కి తీసుకోవాలమ్మా."

ఒక్క ముక్క రాసి పుణ్యం కట్టుకోండి. ముగింపు సంగతి తర్వాత చూద్దాం.

మీకు ఋణపడిన,
వార్డెన్

తా.క. ఈ ఉత్తరం గేటు కమ్మీల సందులోంచి పాలవాడికి అందించాను. మీకు చేరితే అతనికీ కృతజ్ఞతలు.

*

వార్డెన్ గారికి నమస్కారం.

వాచ్‌మన్ గారికి క్షమాపణ విడిగా జతచేశాను. ఆయన నిర్దోషి అని రాసి ఆఫీసు ముద్ర కూడా వేశాను.

ఇక నా గోడు వినండి. బైండింగు షాపు పైన ఒంటి గది నా ఆఫీసు. ఈ ఏడాది ఒక్క నవలనూ ఒప్పించలేకపోయాను. మీ నవల గురించి చెబితే ఒక ప్రచురణకర్త వచ్చే వారం స్వయంగా వస్తానన్నాడు. పుస్తకం మీకెంత అవసరమో నాకూ అంతే. ముగింపు పంపకపోతే ఇద్దరం మునుగుతాం.

ఇట్లు,
ఏజెంటు

తా.క. బైండింగు ఆయన కూడా చదివాడు. వంటావిడే చంపిందంటాడు. ఈ తాజా కలం భోజనాల దగ్గర చదవకండి.

*

ఏజెంటు గారికి,

గేటు తెరుచుకుంది. మీ క్షమాపణకు వాచ్‌మన్ ఫ్రేము కట్టించాడు.

మీరు చెప్పినట్టే ఆ తాజా కలం భోజనాల దగ్గర చదవలేదు. వంటగదిలో చదివాను. వంటావిడ గరిటె కింద పడేసింది. ఇప్పుడు గుమస్తా వండుతున్నాడు. అది తిన్నాక అందరి అనుమానమూ అతని మీదికే మళ్లింది.

ఇంకా దాచితే నాకు ముద్ద దిగదు. గుట్టు అన్నది ఉత్త బుకాయింపు. నవలకు ముగింపే లేదు. వాచ్‌మన్‌ను హంతకుడిని చేద్దామంటే, నాకు జ్వరం వచ్చినప్పుడు వానలో తడుస్తూ మందులు తెచ్చింది గుర్తొస్తుంది. వంటావిడను చేద్దామంటే, అలిగిన అమ్మాయిలకు తన కంచంలోంచి కలిపి పెట్టడం గుర్తొస్తుంది. ఎవరిని పట్టివ్వను? కలం ఆగిపోయింది. ఎవరు చంపారు, ఎవరు చంపారు అని మీరు అడుగుతుంటే నాకూ తెలుసుకోవాలనిపించింది. కూర్చుని రాసేశాను.

హాస్టల్లో అందరూ నిర్దోషులే. ఆ సెక్రటరీ చాటుగా నవల రాసి ఒక ఏజెంటుకు పంపాడు. ఎంత అడిగినా ముగింపు చెప్పలేదు. ఆ ఏజెంటావిడ స్వయంగా వచ్చింది. మిగతాది జతచేశాను.

క్షమించండి. నేను ముఖం చూడని మనిషి మీరొక్కరే దొరికారు.

ఇట్లు,
వార్డెన్

తా.క. మీరు కాదన్నా మీకు నమస్కారమే. నా కథలో చివరికి ఏమైందని అడిగిన మొదటి మనిషి మీరు.

*

వార్డెన్ గారికి,

నేరం ఒప్పుకుంటున్నాను. దిండు చేతిలోకి తీసుకునే ముందు ఆవిడ చివరిసారి మర్యాదగా ముగింపు అడుగుతుంది చూడండి, అక్కడ ఏడ్చేశాను. నేనైనా అదే చేసేదాన్ని.

ప్రచురణకర్త వచ్చాడు. చివరికి ఎవరు చంపారన్నాడు. హంతకురాలు ఎదురుగానే కూర్చుని ఉంది. "చెప్పను, చదువుకోండి" అన్నాను. ముఖం మాడ్చుకుని కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లాడు. ఈ ఉదయం ఒప్పందం పంపాడు.

సంతకం చేసి పంపండి. నా గదిలో మళ్లీ దీపం పెట్టారు, మీ మేలు మరవను.

ఇట్లు,
మీ ఏజెంటు

తా.క. ఒప్పందం చివర ఆయన సొంత చేత్తో ఒక షరతు చేర్చాడు: మీ రెండో నవలలో హంతకుడు ప్రచురణకర్త కాకూడదట.